ఎడమకు తిరిగిన విమానం

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద నరేష్‌కుమార్‌కు చీరల దుకాణం ఉంది. వాళ్ల నాయన పోచంపల్లి నుంచి మూటలు మోసుకొచ్చి నిలబెట్టిన వ్యాపారం. కార్తీకం మొదలైన ఒక మధ్యాహ్నం, బేరాలు పలుచగా ఉన్న వేళ, పద్మలత తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. పైన మెట్రో రైలు పోయిన అదురుకు అద్దాలు సన్నగా వణికాయి. నరేష్ లేచి నిలబడ్డాడు.

“రా వదినా, కూర్చో. చాయ్ చెప్పనా?”

“చాయ్ వద్దు. చీర కోసం గూడ రాలేదు.” ఆమె పరుపు అంచున కూర్చుని చేతిసంచి ఒళ్లో పెట్టుకుంది. “మీ అన్న విమానం పూర్తి చేస్తవా నరేష్?”

నరేష్ చేతిలో సగం మడిచిన చీర అలాగే ఉండిపోయింది.

జైపాల్ ఆమె భర్త. కరెంటాఫీసులో ఇంజనీరుగా చేసేవాడు. నరేష్‌కు తోడబుట్టిన అన్నలు లేరు. ఆ లోటు జైపాల్ తీర్చాడు. ఇద్దరికీ ఒకటే పిచ్చి, రిమోట్‌తో ఎగిరే బుల్లి విమానాలు. ఆదివారం వచ్చిందంటే కారు డిక్కీలో రెక్కలూ తోకలూ సర్దుకుని హయత్‌నగర్ అవతల ప్లాట్లు చేసి వదిలేసిన ఖాళీ వెంచర్లకు పోయేవాళ్లు. చివరికి జైపాల్ మనసు ఒక పెద్ద పని మీద పడింది. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన ‘మస్కిటో’ అనే రెండింజన్ల కర్ర విమానం. మనిషి రెండు చేతులూ బార్లా చాపితే ఎంతో, రెక్కలు అంత పొడవు. జైపాల్ దాన్ని దోమ అని పిలిచేవాడు. మన్సూరాబాద్‌లో తన ఇంటి డాబా మీది గదిలో, తేలికైన బాల్సా కర్ర చీల్చి, పుల్లకు పుల్ల అతికించి కట్టుకుంటూ వచ్చాడు.

అది గాల్లోకి లేవకముందే, పోయిన ఎండాకాలంలో జైపాల్ పోయాడు. పొద్దుగూకే వేళ ఆ గదిలోనే, కుర్చీలోనే, ఒళ్లో రిమోట్‌తో. గుండె ఆగిందన్నాడు డాక్టర్. రిమోట్ మీది చిన్న పుల్లల్లాంటి స్టిక్కుల మీద బిగుసుకుపోయిన ఆ రెండు బొటనవేళ్లను విడదీసింది నరేషే. ఎంత బలం పెట్టాల్సి వచ్చిందో ఎవరికీ చెప్పలేదు.

“చేస్త వదినా,” అన్నాడు నెమ్మదిగా. “అన్న కోరిక గదా.”

“కోరిక ఒక్కటే గాదు.” పద్మలత గొంతు తగ్గించింది. “పొద్దుగూకితే పైన గదిల ఇంజన్ నడుస్తది. ఒక్కటే ఇంజన్. నేను మెట్లెక్కి తాళం తీసేసరికి ఆగిపోతది. నేను లెక్కల టీచర్ని నరేష్. గిట్లాంటివి నమ్మేదాన్ని గాదు. ఇంట్ల ఒక్కదాన్నే ఉంటున్న, బిడ్డ వరంగల్ హాస్టల్ల ఉంది. అది ఒక్కసారి ఎగిరితే ఆయన మనసు కుదుటపడి పోతడేమో అనుకుంటున్న.”

అప్పుడామె కళ్లలో నీళ్లు లేవు. చాలా రోజులుగా నిద్ర లేని మనిషి చూపు మాత్రం ఉంది.

*

ఆ వారం నుంచి నరేష్ మధ్యాహ్నాలు దుకాణం భార్య మాలతికి అప్పజెప్పి మన్సూరాబాద్ పోవడం మొదలుపెట్టాడు.

గది జైపాల్ వదిలిపెట్టినట్టే ఉంది. బల్ల మీద దోమ బూడిదరంగు ఒంటితో, ముక్కు పైకెత్తి కూర్చుని ఉంది. రెండు ఇంజన్లూ రెక్కల్లో బిగించే ఉన్నాయి. మిగిలిన పని ఎక్కువ లేదు. ఎడమ రెక్క అడుగు భాగానికి ప్లాస్టిక్ పొర అతికించి ఇస్త్రీపెట్టెతో బిగించాలి. తోక మీద నిలువుగా ఉండే రడ్డర్‌కు, అంటే విమానాన్ని కుడికీ ఎడమకూ మళ్లించే పలకకు, లోపలి కడ్డీ సరిచూడాలి.

గదిలో ఆముదం మాడిన వాసన ఉంది. ఈ ఇంజన్లకు వాడే ఇంధనంలో ఆముదం కలుపుతారు. కాలితే తియ్యగా, చిక్కగా, గొంతులో పట్టే వాసన. జైపాల్ పోయాక ఇక్కడ ఇంజన్ నడిపిందెవరు? కిటికీలు మూసి ఉన్న గది, పాత వాసన పోలేదులే అనుకున్నాడు నరేష్.

మొదటి రోజే ఎడమ ఇంజన్ను స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచాడు. మళ్లీ వచ్చేసరికి దాని పొగగొట్టం చివర ఒక చుక్క వేలాడుతోంది. వేలితో తాకి చూశాడు. తాజా నూనె. గోరువెచ్చగా ఉంది.

కుడి ఇంజన్ మాత్రం పొడిగా, చల్లగా ఉంది.

ఇంకో మధ్యాహ్నం రెక్క అడుగున పొర ఇస్త్రీ చేస్తున్నాడు. కింద వీధిలో కూరగాయల బండి అరుపు వినిపిస్తోంది. వెనక నుంచి టిక్ అని చిన్న చప్పుడు. కాసేపటికి ఇంకోసారి... టిక్. తల తిప్పి చూశాడు. తోక మీది రడ్డర్ కుడికి వాలి ఉంది. చూస్తుండగానే మెల్లగా ఎడమకు జరిగింది. ఆగింది. మళ్లీ కుడికి.

బ్యాటరీ బల్ల అవతలి చివర ఉంది. తీగ తగిలించలేదు.

నరేష్ ఇస్త్రీపెట్టె తీసేయడం మరిచిపోయాడు. పొర కాలిన కంపు వచ్చాక ఉలిక్కిపడి లాగేశాడు. మళ్లీ చూసేసరికి రడ్డర్ తిన్నగా ఉంది.

“అన్నా,” అన్నాడు ఖాళీ గదితో. “అయిపోవస్తుందన్నా. జర ఓపిక పట్టు.”

ఆ మాట అన్నాక భయం కొంచెం తగ్గింది. అన్నే కదా అనుకున్నాడు. అన్న దగ్గర భయమెందుకు?

*

ఆదివారం సాయంత్రం పద్మలతను కారులో ఎక్కించుకుని బయల్దేరాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఎప్పటిలాగే బండ్లు ఇరుక్కుని ఉన్నాయి. హయత్‌నగర్ దాటి, ఔటర్ రింగు రోడ్డు అవతల, వెంచర్ మైదానానికి చేరేసరికి ఎండ పసుపుపచ్చగా వాలిపోయింది. ప్లాట్ల హద్దురాళ్లు, తుమ్మచెట్లు, అమ్ముడుపోని నేల. మధ్యలో తారు వేసి వదిలేసిన రోడ్డు ముక్క. దాన్నే వాళ్లు రన్‌వేగా వాడుకునేవాళ్లు. మనిషన్నవాడు కనుచూపు మేర లేడు.

నరేష్ రెండు ట్యాంకులూ నింపాడు. కర్రతో ప్రొపెల్లర్ తిప్పి మొదట కుడి ఇంజన్, తర్వాత ఎడమ ఇంజన్ ముట్టించాడు. రెండింటి వేగం కలవకపోతే మోత అలలు అలలుగా వస్తుంది. ఆ అల పోయేదాకా మర తిప్పి సరిచేయాలి. జైపాల్ అయితే దానికి అరగంట తీసుకునేవాడు. ఈ పొద్దు నరేష్ చెయ్యి పెట్టకముందే ఆ రెండూ కలిసిపోయాయి. ఒకే తీగ మోగినట్టు మోగాయి.

దోమ తారు మీద పరుగెత్తింది. తోక లేచింది. మెత్తగా నేల విడిచింది.

పద్మలత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. బూడిదరంగు రెక్కల మీద వాలు పొద్దు పడి విమానం రాగి రేకులా మెరిసింది. నరేష్ దాన్ని తుమ్మచెట్ల మీదికి ఎక్కించి మళ్లించబోయాడు. అతని వేలు స్టిక్కును కదపకముందే విమానం మళ్లింది.

వేలు తీసేశాడు. దోమ మైదానం మీదుగా నిండుగా ఒక చుట్టు తిరిగి వచ్చింది. నరేష్‌కు అంత అందంగా నడపడం రాదు.

“వదినా,” అన్నాడు గుసగుసగా. “నేను నడుపుతలేను.”

ఆమె అతని చేతుల వంక చూసింది. రిమోట్ కింద పట్టుకుని ఉన్నాడు, స్టిక్కుల మీద వేళ్లు లేవు. ఆమె ముఖం మీదికి ఏదో వెలుగు వచ్చింది. ఎండాకాలం నుంచి ఆ ముఖంలో అతను చూడని వెలుగు.

“ఆయనే,” అంది. “ఆయనే నరేష్. చూడు, ఎంత నెమ్మదిగా పోతున్నడో.”

ఇద్దరూ అలా నిలబడిపోయారు. నరేష్‌కు ఏడుపు వచ్చింది. సిగ్గుపడలేదు. అన్న ఎగురుతున్నాడు, చూడ్డానికి వదిన వచ్చింది. అంతకంటే ఏం కావాలనిపించింది.

పొద్దు చెట్ల వెనక్కి దిగింది. విమానం కిందికి దిగి, వాళ్ల ముందు నుంచి, తల ఎత్తు కంటే కొంచెం పైన పోయింది.

అప్పుడు చూశాడు. ఎడమ ప్రొపెల్లర్ తిరగడం లేదు. రెండు రేకులూ కదలకుండా నిలువుగా నిలబడి ఉన్నాయి.

ఇలాంటి రెండింజన్ల బుల్లి విమానానికి గాల్లో ఒక ఇంజన్ ఆగిందంటే చావే. ఆగిన వైపుకు తిరగబడి, మెలికలు తిరుగుతూ నేలకు కొట్టుకుంటుంది. నరేష్ గబుక్కున స్టిక్కులు పట్టుకున్నాడు. కానీ విమానం తిరగబడలేదు. గీత గీసినట్టు పోతోంది. పైగా మోత...

మోత రెండు ఇంజన్లదే.

“వదినా, ఎడమది ఆగింది. కానీ సప్పుడు...”

పద్మలత చూపు విమానం మీద నిలిచిపోయింది. ఆ ముఖంలో వెలుగు కొంచెం కొంచెంగా ఆరిపోవడం నరేష్ చూశాడు.

“నరేష్,” అంది చాలా మెల్లగా. “అది ఎటు తిరుగుతుంది?”

“ఎటంటే... ఎడమకు.”

“మొదటి నుంచి ఎడమకే తిరుగుతుంది. మీ అన్న ఎప్పుడన్న ఎడమకు తిప్పంగ చూసినవా?”

నరేష్ గుర్తుచేసుకున్నాడు. లేదు. ఎన్నడూ లేదు. పెళ్లయిన కొత్తలో ఎడమకు తిప్పబోయి ఒక విమానాన్ని పిల్లలాడే చోట పడేశాడట జైపాల్. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, అప్పటి నుంచి ఎంత దూరమైనా కుడి చుట్టే తిరిగి వచ్చేవాడు. ఆ సంగతి ఈ విమానాల పిచ్చి ఉన్నవాళ్లందరికీ తెలుసు. దాని మీద నవ్వుకునేవాళ్లు కూడా.

“అది ఆయన చెయ్యి గాదు,” అంది పద్మలత.

విమానం మళ్లీ ఎడమకు వాలింది. ఈసారి చుట్టు చిన్నదైంది. ఇంకో చుట్టు. ఇంకా చిన్నది. వాళ్లిద్దరూ ఆ చుట్టు నట్టనడుమ ఉన్నారు.

ఆముదం వాసన పైనుంచి చిక్కగా దిగుతోంది. నరేష్ రిమోట్ ఆపేశాడు. రిమోట్ ఆగితే ఇంజన్లు కూడా ఆగేటట్టు జైపాలే అమర్చాడు. ఏమీ ఆగలేదు. చీకటి పడే ఆకాశంలో నల్లటి ఆకారం... ఒక రెక్క నేలకు వంచి... తిరుగుతూనే ఉంది. గాలికి పద్మలత కొంగు లేచింది.

“కారెక్కు వదినా.”

“నరేష్...”

“పైకి చూడకు. ఎక్కు.”

*

మట్టిరోడ్డు మీద కారు ఎగిరెగిరి పడింది. అద్దాలు మూసినా మోత వినిపిస్తోంది. ముందు నుంచి కాదు, వెనక నుంచి కాదు. సరిగ్గా కారు పైకప్పు మీద. నరేష్ వేగం పెంచితే అదీ పెరిగింది. గుంత దగ్గర తగ్గిస్తే అదీ తగ్గింది.

ఇంధనం ఎప్పుడో అయిపోయి ఉండాలి.

పద్మలత చేతులు ఒళ్లో ముడుచుకుని కూర్చుంది. హైవే దీపాల వెలుగు ఆమె ముఖం మీద పడి పోతోంది.

“నీకు చెప్పలేదు,” అంది. “పోయే ముందు రోజు ఆయన ఒక మాటన్నడు. పొద్దంత గదిల కూసోని కిందికి వచ్చి అన్నం ముందర పెట్టుకొని... దోమ నా మాట ఇంటలేదే పద్మా అన్నడు. నేను నవ్విన. కొత్త దానికి అలవాటు గావాలె గదా అన్న. కాదే, నేను కుడికి అంటే ఇంకెవరో ఎడమకు గుంజుతున్నరు అన్నడు.”

నరేష్‌కు ఆ బొటనవేళ్లు గుర్తొచ్చాయి. స్టిక్కుల మీద ఎంత బిగువుగా ఉన్నాయో... ఏ వైపుకు నొక్కి ఉన్నాయో. కుడికి. రెండూ కుడికే.

“నేను ఆయననే అనుకున్న,” అంది పద్మలత. “పొద్దుగూకినప్పుడల్ల మెట్ల కింద నిలబడి ఇంటుండె. భయమైనా, ఆయనే గదా అని ఉండిపోయిన.” ఆమె అతని వైపు తిరిగింది. “అది ఆయన గాదంటే... మరి ఆయన యాడున్నడు నరేష్?”

నరేష్ కారును ఊరి వైపు ఇంకా వేగంగా పోనిచ్చాడు.

ఎల్బీనగర్ ఫ్లైఓవర్ కింద బస్సులు, ఆటోలు, హారన్లు. ఆ గోలలో మోత ఎక్కడ కలిసిపోయిందో తెలియలేదు. సిగ్నల్ దగ్గర అద్దం దించి చెవి బయటపెట్టాడు. వినిపించలేదు. ఆగిందో, వేరే చప్పుళ్ల వెనక నిలబడి ఉందో చెప్పడం కష్టం.

పద్మలతను మన్సూరాబాద్ తీసుకుపోలేదు. కర్మన్‌ఘాట్‌లో తన ఇంటికే తీసుకొచ్చాడు. మాలతి ఏమీ అడగకుండా ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, పక్క వేసి, దీపం ఆర్పకుండా పక్కనే పడుకుంది.

*

తెల్లారగానే నరేష్ ఒక్కడే బయల్దేరాడు. డిక్కీలో పెట్రోలు డబ్బా పెట్టుకున్నాడు. ఎక్కడ కూలి ఉన్నా వెతికి, అక్కడే కాల్చేసి రావాలి. బూడిద మీద మట్టి కప్పాలి. వదిన మళ్లీ ఆ మెట్ల కింద నిలబడకూడదు. దారి పొడవునా ఇంతకంటే వేరే ఆలోచన రానివ్వలేదు.

మైదానం మీద పలుచని మంచు పరుచుకుని ఉంది. వెతకాల్సిన పని పడలేదు. తారు రోడ్డు మధ్యలో, నిన్న తాను నిలబడిన చోటే, దోమ చక్రాల మీద నిలబడి ఉంది. రెక్క మీద ఒక్క గీత లేదు. బల్ల మీద పెట్టినట్టు ముక్కు పైకెత్తి చూస్తోంది.

దగ్గరికి పోయి వంగాడు. కుడి ట్యాంకు ఖాళీ. ఎడమ ట్యాంకు మూతి దాకా నిండి ఉంది. నిన్న పోసింది పోసినట్టే ఉంది. ఎడమ ఇంజన్ మీద చెయ్యి పెట్టాడు. మంచుకు చల్లబడాల్సిన ఇనుము, జ్వరం వచ్చిన ఒంటిలా కాలుతోంది.

వెనక్కి తగ్గి బ్యాటరీ పీకి దూరంగా విసిరేశాడు. పెట్రోలు చల్లాడు, ముక్కు నుంచి తోకదాకా. తొందరలో సగం తన చెప్పుల మీద పడింది. దూరంగా జరిగి అగ్గిపుల్ల గీశాడు.

టిక్.

రడ్డర్ కుడికి కదిలింది.

నరేష్ ఆగాడు. గాలి లేదు. తుమ్మ ఆకు కూడా కదలడం లేదు. మంచులో ఆ పలక కుడికి వాలి... సన్నగా వణుకుతోంది. బరువు మోస్తున్న చెయ్యి వణికినట్టు.

అగ్గిపుల్ల వేళ్లదాకా వచ్చి కాల్చింది. ఆర్పేశాడు. ఎందుకు చేశాడో తనకే తెలియదు గానీ, వెళ్లి తోక దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. బొటనవేలు, చూపుడువేలు మధ్య ఆ పలుచటి పలకను పట్టుకున్నాడు.

“అన్నా?” అన్నాడు.

పలక అతని వేలి మీద ఒత్తింది. మెత్తగా. కుడికి. వదిలి, మళ్లీ ఒత్తింది. పాత స్నేహితుడు భుజం తట్టినట్టు ఉంది ఆ తాకిడి. నరేష్ కళ్లు మూసుకున్నాడు. నేను పట్టుకున్న అన్నా, అన్నాడు. పట్టుకునే ఉన్న.

కాసేపు అలాగే ఉంది.

తర్వాత అవతలి వైపు నుంచి ఇంకొక బలం వచ్చింది. తొందర లేదు దానికి. అతని వేళ్లనూ, వేళ్ల కింద వణుకుతున్న దాన్నీ కలిపి, ఎడమకు లాగడం మొదలుపెట్టింది.